ఇంట్లో నౌపడా కల్లుప్పే వాడుతున్నాం, నాకు మూడో నెల. అయోడిన్ సంగతి ఏం చెయ్యాలి?

టెక్కలి_కోడలు
ఆదివారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. నాకు తొమ్మిది వారాలు నిండాయి. మొదటి కాన్పు.

మొన్న స్కానింగ్‌కి వెళ్తే డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి, "థైరాయిడ్ అంచు మీద ఉంది, నెల తర్వాత మళ్ళీ చేయిద్దాం. ఇంట్లో అయోడిన్ ఉప్పే కదా వాడుతున్నారు?" అన్నారు. తల ఊపేశాను. ఇంటికొచ్చి వంటింట్లో జాడీ చూశాక భయం పట్టుకుంది. మా అత్తవారింట్లో ప్యాకెట్ ఉప్పు కొనరు. తెలిసినవాళ్ళ ద్వారా నౌపడా నుంచి ఏడాదికి సరిపడా కల్లుప్పు బస్తా వస్తుంది. అత్తమ్మ దాన్ని ఒకసారి కడిగి, ఎండబెట్టి, జాడీలో పోసి పొయ్యి పక్కన పెడతారు. పప్పు, చారు, కూర, పచ్చళ్ళు, అన్నిటికీ అదే.

నెమ్మదిగా అడిగితే, "సముద్రం నీళ్ళతో పండిన ఉప్పమ్మా. ఇందులో లేనిది ఆ ప్యాకెట్లో ఏటుంటాది?" అన్నారు. నాకూ నిజమే కదా అనిపించింది. సముద్రం మనకు ఇంత దగ్గర్లో ఉంది, అయోడిన్ సముద్రంలోనే ఉంటుందని బడిలో చదువుకున్నాం.

ఈ తొమ్మిది వారాలూ ఆ ఉప్పే తిన్నాను, బిడ్డకు ఏమైనా అయిపోయిందా అని నిద్ర పట్టడం లేదు. పైగా చేపల వాసన వస్తే వాంతి అవుతోంది. అత్తమ్మ నన్ను కన్నకూతురిలా చూస్తారు. ఆవిడ మనసు నొప్పించకుండా ఈ మాట ఎలా చెప్పాలో కూడా చెప్పండి.


నాగావళి_గట్టు
ఆదివారం, రాత్రి 10:20

చెల్లీ, ముందు ఈ రాత్రికి నిద్రపో. నా రెండో కాన్పులో నాదీ ఇదే కథ. నాకు తెలిసింది నాలుగో నెలలో. మాత్ర వాడాను, ఉప్పు మార్చాను, పాప ఇప్పుడు రెండో తరగతి. నీకు మూడో నెలలోనే తెలిసింది. రేపే ఒక ప్యాకెట్ తెప్పించుకో, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.


కొటారు_పిల్లాడు
ఆదివారం, రాత్రి 11:05

అక్కా, మా నాన్న నౌపడా ఉప్పు కొటార్లలో ముప్పై ఏళ్ళు పనిచేశారు. నేనూ చిన్నప్పుడు సెలవుల్లో మడుల్లో ఉప్పు గీకినవాణ్ణే. అందుకే ఈ మాట చెప్పగలను. మీ అత్తమ్మగారు అన్నది వినడానికి సబబుగానే ఉంటుంది, లెక్క వేస్తేనే నిలబడదు.

లీటరు సముద్రపు నీటిలో ఉప్పు సుమారు 35 గ్రాములు ఉంటుంది. అయోడిన్ 60 మైక్రోగ్రాములకు అటూ ఇటూ. అంటే ఆ అయోడిన్ మొత్తం ఉప్పులోనే నిలిచిందనుకున్నా గ్రాముకు 2 మైక్రోగ్రాములు కూడా రాదు. అసలు సంగతి ఏమిటంటే అదీ నిలవదు. ఒక మడి నుంచి ఇంకో మడికి నీళ్ళు మార్చుకుంటూ చిక్కబెడతాం, చివరి మడిలో ఉప్పు కడుతుంది, మిగిలిన చేదు నీళ్ళు బయటికి వదిలేస్తాం. అయోడిన్‌లో చాలా భాగం ఆ నీళ్ళతోనే పోతుంది. ఆ తర్వాత గుట్టలు పోసిన ఉప్పు ఎండలో, గాలిలో నెలల తరబడి ఉంటుంది.

ప్యాకెట్ ఉప్పులో మాత్రం చట్టం ప్రకారం తయారయ్యే చోట గ్రాముకు కనీసం 30 మైక్రోగ్రాములు, మన చేతికి వచ్చేసరికి కనీసం 15 ఉండాలి. తేడా చూడండి.

నేను మా కొటారు ఉప్పును తక్కువ చేయడం లేదు. ఆ ఉప్పు మీదే నా చదువు నడిచింది. అదే ముడి ఉప్పును శుభ్రం చేసి పొటాషియం అయోడేట్ కలిపిన నీళ్ళు పిచికారీ చేస్తే అయోడిన్ ఉప్పు అవుతుంది. కల్లుప్పు రూపంలోనే అయోడిన్ కలిపిన ప్యాకెట్లు కూడా దొరుకుతాయి. మీ అత్తమ్మగారికి పొడి ఉప్పు నచ్చకపోతే అవి చూడండి.


గజపతినగరం_అమ్మమ్మ
సోమవారం, ఉదయం 6:30

తల్లీ, నాకు నలుగురు పిల్లలు. ముగ్గురు మనవరాళ్ళు. మా కాలంలో ఈ ప్యాకెట్లు ఎవరికి తెలుసు? బండి మీద వచ్చే ఉప్పే మానికలతో కొలిపించుకునేవాళ్ళం. అందరూ బాగానే ఉన్నారు, ఒకడు ఇంజినీరు కూడా. పిల్లను అనవసరంగా భయపెడుతున్నారేమో అనిపించి రాస్తున్నాను. కడుపుతో ఉన్న పిల్ల దిగులు పడకూడదు. అదే నా బాధ.


పార్వతీపురం_మాస్టారు
సోమవారం, ఉదయం 8:10

అమ్మా, మీ మాటలో ఉన్న ప్రేమ అర్థమైంది. దిగులు పడకూడదన్నది నూటికి నూరు పాళ్ళూ నిజం. కానీ నేను చూసింది కూడా చెప్పాలి.

ఉద్యోగం తొలి రోజుల్లో సీతంపేట వైపు కొండ ఊళ్ళలో పనిచేశాను. అక్కడ కొందరు ఆడవాళ్ళకు మెడ కింద నిమ్మకాయంత, కొందరికి అంతకన్నా పెద్ద గడ్డలు ఉండేవి. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకునేవారు కాదు. నా తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడానికే చాలా సేపు పట్టేది. చెవుడు, ఎదగని ఒళ్ళు. వాళ్ళమ్మ మెడకు పెద్ద గడ్డ. ఆ రెండింటికీ సంబంధం ఉండొచ్చని అప్పట్లో నాకు తెలియదు. వానలకు కొండవాలు మట్టిలోని అయోడిన్ కొట్టుకుపోతుంది. ఆ నేలలో పండింది మాత్రమే తిని, వాగు నీళ్ళు తాగితే ఒంటికి అయోడిన్ చాలదు. మైదానంలో మనం చేపలు తింటాం, నాలుగు ఊళ్ళ సరుకు తింటాం, అందుకే మన పెద్దవాళ్ళలో అంతగా బయటపడలేదు. బయటపడలేదు అంటే లోటు లేదని కాదు. బిడ్డ చదువులో కాస్త వెనకబడితే దానికి ఉప్పు కారణమని ఆ రోజుల్లో ఎవరు అనుకుంటారు?

ఇంకొక మాట. ఈ దేశానికి అయోడిన్ ఉప్పు విలువ రుజువు చేసి చూపించినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు మన శ్రీకాకుళం బిడ్డదే. డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు. 1921లో శ్రీకాకుళంలో పుట్టారు, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివారు. 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో ఆయన బృందం ఊళ్ళను మూడు భాగాలు చేసి, కొన్నిచోట్ల అయోడిన్ కలిపిన ఉప్పు, మరోచోట మామూలు ఉప్పు ఇచ్చి కొన్నేళ్ళపాటు గమనించింది. అయోడిన్ ఉప్పు తిన్న ఊళ్ళలో మెడ గడ్డలు బాగా తగ్గాయి. 1962లో జాతీయ గాయిటర్ (ఈ మెడ గడ్డల జబ్బు) నియంత్రణ కార్యక్రమం మొదలవడానికి అదే పునాది. తర్వాత ఆయన ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టరుగా పనిచేశారు. మా బడి పిల్లలకు ప్రతి ఏడాదీ ఆయన గురించి చెప్పేవాణ్ణి. మీ అత్తమ్మగారికి కూడా చెప్పమ్మా. బయటివాడెవడో కంపెనీ సరుకు అమ్ముకోవడానికి చెప్పిన మాట కాదిది.


గజపతినగరం_అమ్మమ్మ
సోమవారం, ఉదయం 9:00

మాస్టారూ, ఆ పిల్లవాడి సంగతి చదివి కళ్ళు చెమర్చాయి. మా ఊళ్ళోనూ అలాంటి పిల్ల ఒకతె ఉండేది. కర్మ అనుకున్నాం. అమ్మాయీ, నువ్వు ప్యాకెట్ తెచ్చుకో.


ఏఎన్ఎం_అక్క_రాజాం
సోమవారం, మధ్యాహ్నం 2:40

డ్యూటీ మధ్యలో రాస్తున్నాను, కాస్త పొడుగైతే ఏమనుకోకండి. పద్దెనిమిదేళ్ళుగా గర్భిణుల్ని చూస్తున్నాను. ఐరన్ గురించి అడుగుతారు, కాల్షియం గురించి అడుగుతారు, అయోడిన్ గురించి నన్ను అడిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. అందుకే ఈ ప్రశ్న చూసి సంతోషం వేసింది.

మొదటి మూడు నెలలు ఎందుకు ముఖ్యమంటే, బిడ్డకు సొంత థైరాయిడ్ గ్రంథి పనిలోకి రావడం పన్నెండో వారం దగ్గర మొదలవుతుంది, అదీ పూర్తిగా కాదు. ఐదో నెల దగ్గరపడేదాకా బిడ్డ మెదడుకు కావలసిన థైరాయిడ్ హార్మోన్ చాలావరకు తల్లి నుంచే వెళ్ళాలి. కాబట్టి తల్లి గ్రంథి మామూలుకన్నా దాదాపు సగం ఎక్కువ పనిచేస్తుంది. ఆ హార్మోన్‌కు ముడిసరుకు అయోడిన్. అదే సమయంలో తల్లి మూత్రంలో అయోడిన్ ఎక్కువ పోతుంది కూడా. లోటు తీవ్రమైతే గర్భస్రావం, బిడ్డ కడుపులోనే పోవడం, పుట్టిన బిడ్డకు చెవుడు, బుద్ధిమాంద్యం రావచ్చు. కొద్దిపాటి లోటు ఉంటే పైకి ఏమీ కనిపించదు.

మామూలు పెద్దవాళ్ళకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. గర్భిణికి, పాలిచ్చే తల్లికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది 250.

ఇప్పుడు ఉప్పు లెక్క. కొట్లో కొన్న ఉప్పులో గ్రాముకు కనీసం 15 అనుకుందాం. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచా ఉప్పు తింటే 75 వచ్చింది. వంటలో కొంత పోతుంది. మంచి తాజా ప్యాకెట్ అయి గ్రాముకు 30 ఉంటే 150. రెండు రకాలుగా చూసినా ఉప్పు ఒక్కదానితోనే 250 నిండదు. అందుకని ఉప్పు ఎక్కువ వేసుకోమని కాదు, దయచేసి ఆ పని చేయకండి, బీపీ వస్తే అది ఇంకో ప్రమాదం. మిగతాది పాలు, పెరుగు, గుడ్లు, చేపల నుంచి రావాలి. గుడ్డు ఒకటికి సుమారు 25 రావచ్చు, కోడి మేతను బట్టి మారుతుంది. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లూ పాలూ ఇంట్లో అందరికీ పంచేసి తను తిననివాళ్ళను ఎంతోమందిని చూశాను. అవి నీ కోసం ఇచ్చినవి, నువ్వే తిను.

మనం ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలో ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఉంటాయి, అయోడిన్ ఉండదు. ప్రైవేటులో రాసే కొన్ని గర్భిణి మాత్రల్లో అయోడిన్ 150 దాకా ఉంటుంది, కొన్నిటిలో అసలు ఉండదు. పట్టీ వెనక చదివి, దాన్ని తీసుకెళ్ళి మీ డాక్టరమ్మకు చూపించు. నీది అంచు మీద ఉందన్నారు కాబట్టి మాత్ర కావాలా వద్దా అన్నది ఆవిడే తేల్చాలి.

ఉప్పు ఎలా వాడాలంటే, కడగకూడదు. కడిగితే పైన ఉన్న అయోడిన్ మొత్తం నీళ్ళపాలు. ఎండలో పెట్టకూడదు. మూత గట్టిగా ఉన్న సీసాలో, పొయ్యికి దూరంగా, తడి చెంచా తగలకుండా ఉంచాలి. కూర దింపబోయే ముందు వెయ్యాలి. ప్యాకెట్ మీద నవ్వుతున్న సూర్యుడి బొమ్మ ఉందా, తయారైన తేదీ ఏమిటి, ఈ రెండూ చూసి కొనుక్కో.

గడిచిన తొమ్మిది వారాల గురించి: థైరాయిడ్ అంచు మీద ఉందంటే నీ గ్రంథి కష్టపడి నెట్టుకొస్తోందని. ఇప్పుడు దానికి సాయం చేస్తే చాలు. పరీక్ష మాత్రం తప్పకుండా మళ్ళీ చేయించుకో.


విజయనగరం_శారద
సోమవారం, సాయంత్రం 6:15

ఏఎన్ఎం అక్కా, మాది పూర్తి శాకాహారం, గుడ్డు కూడా తినం. నాకు ఐదో నెల. ఆరోగ్యానికి మంచిదని ఆరు నెలలుగా సైంధవ లవణం వాడుతున్నాం. అది పనికొస్తుందా? ఆన్‌లైన్‌లో సముద్రపు నాచు మాత్రలు చూశాను, సహజమైన అయోడిన్ అని రాశారు. తెప్పించుకోవచ్చా?


ఏఎన్ఎం_అక్క_రాజాం
సోమవారం, రాత్రి 8:50

శారదా, రెండింటికీ వద్దనే చెబుతాను.

సైంధవ లవణం, గులాబీ రంగు హిమాలయ ఉప్పు, ఇవి గని నుంచి తవ్వినవి. విడిగా కలిపితే తప్ప వాటిలో చెప్పుకోదగ్గ అయోడిన్ ఉండదు. ఏకాదశికో ఉపవాసానికో వాడుకో, రోజూ వంటకు వద్దు.

నాచు మాత్రల్లో ఒకదానిలో ఎంత ఉంటుందో ఇంకోదానిలో అంత ఉండదు. కొన్నిటిలో మరీ ఎక్కువ ఉంటుంది. గర్భిణికి రోజుకు 500 మైక్రోగ్రాములు దాటితే అదనపు మేలు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మరీ ఎక్కువైతే కడుపులో బిడ్డ థైరాయిడ్ మందగించే ప్రమాదం ఉంది. నువ్వు పాలు, పెరుగు, మజ్జిగ రెండు పూటలా తీసుకో, ఉప్పు మార్చు, గుడ్డూ చేపా రెండూ లేవు కాబట్టి అయోడిన్ ఉన్న మాత్ర గురించి డాక్టరుని తప్పక అడుగు.


కవిటి_కొబ్బరితోట
సోమవారం, రాత్రి 9:30

మాది ఉద్దానం. మా మామగారికి కిడ్నీ జబ్బు, నాలుగేళ్ళుగా ఇంట్లో అందరికీ చప్పిడి కూరలే. ఆయన ఒక్కరికీ వేరే వండితే బాధపడతారని అత్తయ్య అలా అలవాటు చేశారు. ఇప్పుడు మా ఆడపడుచు ఆరో నెల కడుపుతో పుట్టింటికి వచ్చింది. ఈ చర్చ చదివాకే నాకు తట్టింది, తనకి అయోడిన్ ఎక్కడినుంచి వస్తోంది? ఉప్పే వెయ్యం కదా. మా వైపు ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి.


ఏఎన్ఎం_అక్క_రాజాం
సోమవారం, రాత్రి 10:05

చాలా మంచి విషయం ఎత్తావమ్మా. ఇది నాకూ తట్టలేదు.

మామగారి వంట చప్పగానే ఉండనీ. ఆడపడుచు కంచంలో పప్పు, కూర వడ్డించాక అయోడిన్ ఉప్పు పైన కలుపుకోమను. ఉడకదు కాబట్టి అయోడిన్ పోదు కూడా. తనకు బీపీ లేకపోతే ఇది సరిపోతుంది, ఉంటే డాక్టరు చెప్పినంతే. మీది తీరప్రాంతం, చేపలు, గుడ్లు పెట్టండి.

ఒక్క హెచ్చరిక. సోడియం తక్కువ ఉన్న ఉప్పు అని అమ్మే ప్యాకెట్లలో పొటాషియం కలుపుతారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు పొటాషియం ఒంట్లో పేరుకుని గుండెకు ముప్పు తెస్తుంది. మామగారికి మంచిదని పొరపాటున కూడా అది తేవద్దు.


భావనపాడు_మత్స్యలక్ష్మి
మంగళవారం, ఉదయం 7:20

చేపల మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మా ఇంట్లో తరాలుగా చేపల వ్యాపారం. చెరువు చేపలో కన్నా సముద్రపు చేపలో అయోడిన్ ఎక్కువ. కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు, రొయ్యలు, ఇవి చవక, చిన్నవి, కడుపుతో ఉన్నవాళ్ళకు మంచివి. వారానికి రెండు మూడుసార్లు చాలు.

సొర మాత్రం వద్దు. పెద్ద చేప చిన్న చేపల్ని తిని తిని పాదరసం ఒంట్లో కూడబెట్టుకుంటుంది, అది బిడ్డ మెదడుకు మంచిది కాదు. బాలింతకు పాలు పడాలని సొర పుట్టు పెట్టడం మన ఆచారం, నేనూ తిన్నాను. ఇప్పుడు మా కోడలికి మాత్రం పాలిచ్చే రోజుల్లో నెత్తళ్ళ ఇగురు పెట్టాను. పాలు బాగానే పడ్డాయి.

ఎండు చేపలు ఎప్పుడైనా సరే గానీ వాటికి పట్టించేది ముడి ఉప్పు, అదీ చాలా ఎక్కువ. రోజూ వద్దు.

టెక్కలి అమ్మాయీ, వాసన పడకపోతే బలవంతం చేసుకోకు. నాలుగో నెల వచ్చేసరికి చాలామందికి సర్దుకుంటుంది. అందాకా గుడ్డు తిను.


బొబ్బిలి_సందేహం
మంగళవారం, ఉదయం 11:00

ఉప్పులో అయోడిన్ ఉందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చా? బంగాళాదుంప ముక్క మీద ఉప్పు, నిమ్మరసం వేస్తే నీలంగా మారుతుందని వీడియోలో చూశాను. టింక్చర్ అయోడిన్ చేతి మీద రాసుకుంటే, త్వరగా చెరిగిపోతే లోటు ఉన్నట్టు అని కూడా చెప్పారు. ఇంకా, క్యాబేజీ, కాలీఫ్లవర్ మానేయాలా? మా వదినకి ఐదో నెల.


కొటారు_పిల్లాడు
మంగళవారం, మధ్యాహ్నం 12:30

దుంప పరీక్ష నమ్మకండి. మన దగ్గర ఉప్పులో కలిపేది అయోడేట్, అది గంజి పదార్థాన్ని నేరుగా నీలం చెయ్యదు. చుక్కల మందు ఉన్న చిన్న కిట్ ఉంటుంది, అందులో వేరే రసాయనం కలిసి ఉంటుంది కాబట్టి రంగు వస్తుంది. ఆశా కార్యకర్తను అడిగి చూడండి, కొందరి దగ్గర ఉంటుంది.


ఏఎన్ఎం_అక్క_రాజాం
మంగళవారం, మధ్యాహ్నం 3:15

చేతి మీద రాసుకునే పరీక్ష కూడా పనికిరాదు. గర్భిణి ఒంటికి టింక్చర్ రాయడం అసలే వద్దు, చర్మం గుండా అయోడిన్ లోపలికి పోతుంది.

క్యాబేజీ, కాలీఫ్లవర్ ఉడికించి మామూలుగా తింటే భయం లేదు. అయోడిన్ సరిగ్గా అందుతున్నవాళ్ళకు అవి ఏమీ చెయ్యవు. రోజూ సజ్జలు, కర్రపెండలమే ప్రధాన ఆహారంగా తింటూ అయోడిన్ ఉప్పు లేని ఇళ్ళలోనే జాగ్రత్త పడాలి.

థైరాయిడ్ మాత్ర వాడుతున్నవాళ్ళు చాలామంది ఇక్కడ ఉన్నారు, వాళ్ళకో మాట. అది పరగడుపున వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మూడూ ఒకేసారి మింగేసి "పరీక్షలో తగ్గలేదక్కా" అని వచ్చేవాళ్ళు నెలకు ఒకరైనా ఉంటారు.


టెక్కలి_కోడలు
శుక్రవారం, రాత్రి 8:40

అందరికీ చేతులెత్తి దండం. ఇన్ని రోజులూ రాయలేకపోయాను.

బుధవారం మా ఆశా అక్క వస్తే కిట్ ఉందా అని అడిగాను. ఉంది. రెండు పళ్ళేలు పెట్టి, ఒకదానిలో జాడీ ఉప్పు నూరి, ఇంకోదానిలో మా ఆయన తెచ్చిన ప్యాకెట్ ఉప్పు వేసి చెరో చుక్క వేసింది. ప్యాకెట్ ఉప్పు వెంటనే ఊదా రంగుకి తిరిగింది. జాడీ ఉప్పు తెల్లగానే ఉండిపోయింది. అత్తమ్మ పక్కనే నిలబడి చూశారు. "ఇంకో చుక్క వెయ్యమ్మా" అన్నారు. వేసింది. రంగు రాలేదు.

నేనేమీ అనలేదు. రాత్రి మాస్టారు రాసింది చదివి వినిపించాను. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టరు గారి సంగతి వచ్చేసరికి ఆయన ఎవరి తాలూకా, ఏ వీధి అని అడిగారు. తర్వాత చాలా సేపు మాట్లాడలేదు. పడుకోబోయే ముందు నా మంచం దగ్గరకొచ్చి, పెళ్ళైన కొత్తలో ఆవిడకు రెండుసార్లు కడుపు నిలవలేదని చెప్పారు. ఈ ఇంట్లో ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. దానికి ఉప్పే కారణమని ఎవరం అనలేం, వంద కారణాలు ఉంటాయి అత్తమ్మా అన్నాను. "ఔనులే, నీకు మాత్రం ఏ లోటూ రానివ్వను" అన్నారు.

కల్లుప్పు జాడీ ఇప్పుడు అటక మీద ఉంది. ఆవకాయకు అదే వాడతానన్నారు, సరేనన్నాను. వంటకు మూత బిగుతుగా ఉండే సీసాలో ప్యాకెట్ ఉప్పు. కూర దింపబోయే ముందు వెయ్యడం ఆవిడకు ఇంకా అలవాటు కాలేదు, నేను గుర్తు చేస్తున్నాను. డాక్టరమ్మకు ఫోన్ చేసి, ఆ రోజు తల ఊపింది అబద్ధమని చెప్పేశాను. కోప్పడలేదు. అయోడిన్ ఉన్న మాత్ర రాశారు, పరీక్ష అనుకున్నదానికన్నా రెండు వారాలు ముందే చేయిద్దామన్నారు.

ఇవాళ గుడ్డు పులుసు. వాసన పడింది, రెండు గుడ్లు తిన్నాను.


భావనపాడు_మత్స్యలక్ష్మి
శుక్రవారం, రాత్రి 9:15

వాసన సర్దుకున్నాక ఇక్కడే ఒక మాట రాయమ్మా. టెక్కలి సంతకు మా వాళ్ళు వస్తారు, తాజా కవళ్ళు పంపిస్తాను. అత్తమ్మగారికి చింతపండు తక్కువ వేసి, వెల్లుల్లి బాగా దంచి వెయ్యమని చెప్పు, నీచు వాసన తెలియదు.